చేను ఒంటరిదనుకుందాం

మా లెక్కల మాస్టారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున కాలేజీకి బయల్దేరబోతూ, అరుగు మీద కూర్చుని ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండానే పక్కకు ఒరిగిపోయారట. ఆ కబురు నాకు తెచ్చింది నరసరావుపేట కాలేజీ అటెండరు భాయ్. నేను పాఠాలు చెప్పే ఆడపిల్లల బడి కాలేజీకి మూడు వీధుల అవతలే. భాయ్ సైకిల్ గేటుకు ఆనించి వచ్చి, తరగతి గుమ్మంలో నిలబడి, నా మొహం చూడలేక నల్లబల్ల వంక చూస్తూ చెప్పాడు.

“అమ్మా, లెక్కల సారు పోయారమ్మా. నేనే ఎత్తి పడుకోబెట్టా. చొక్కా జేబు నిండా సుద్దముక్కలేనమ్మా. తీసి కిటికీలో పెట్టా. పారెయ్యబుద్ధి కాలా.”

అప్పుడు నేను ఎనిమిదో తరగతి పిల్లలకు సమీకరణాలు చెబుతున్నాను. బల్ల మీద సగం రాసిన వాక్యం అట్లాగే ఉంది. పిల్లల్ని కూర్చోమని చెప్పానో, ఇంటికి పొమ్మన్నానో కూడా నాకు గుర్తు లేదు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచి నాలుగు మాటల్లో చెప్పుకోవడం రివాజు. మాస్టారి మంచి చెప్పడానికి నాకేమీ కరువు లేదు. కానీ నేను కలం పట్టింది అందుకు కాదు. ఆయనతో చెప్పాల్సిన ఒక మాట నాలుగేళ్ళుగా నా గొంతులోనే ఉండిపోయింది. వినాల్సిన మనిషి లేకుండా పోయాక ఇప్పుడు చదివేవాళ్ళకు చెబుతున్నాను. ఇది మర్యాద కాదని నాకు తెలుసు.

ఆయనది బందరు వైపు. మా పేటకు వచ్చి పదహారేళ్ళయినా మా మాట ఆయన నోటికి పట్టలేదు. మేం ‘ఏంది’ అంటే నవ్వుకునేవారు, ‘చానా’ అంటే మళ్ళీ ఒకసారి అనమనేవారు. సన్నటి మనిషి. ఎండైనా వానైనా చంకలో గొడుగు. ఆ గొడుగును నెత్తి మీద పట్టుకోగా చూసింది తక్కువ, బల్ల మీద గీతలు చూపించడానికి వాడగా చూసింది ఎక్కువ. సుద్దముక్క అరిగిపోయి గోరంతయినా పారేసేవారు కాదు, జేబులో వేసుకునేవారు. ఇంటి దగ్గర వాళ్ళావిడ, మేం అమ్మగారు అని పిలిచే ఆవిడ, బట్టలు నానబెట్టే ముందు జేబులు దులుపుకుంటూ రోజూ ఆయన్ను తిట్టుకునేది.

లెక్క పూర్తయ్యాక అందరూ కింద ‘జవాబు’ అని రాస్తారు. మాస్టారు ‘ఇప్పటికి ఇంతే’ అని రాసేవారు. పరీక్షలో మేమూ అట్లాగే రాస్తే దిద్దేవాళ్ళు మార్కులు కోశారు. వెళ్ళి మొర పెట్టుకుంటే, “మీరు జవాబనే రాయండి. మనసులో మాత్రం ఇప్పటికి ఇంతే అనుకోండి” అన్నారు.

ఆయన నోట్లో ఎప్పుడూ నలిగే మాట ఇంకొకటి ఉంది. అనుకుందాం. ఈ సంఖ్య x అనుకుందాం. ఈ గోడకు మందం లేదనుకుందాం. ఈ బండికి చక్రాల రాపిడి లేదనుకుందాం. గంటలో ఆ మాట ఎన్నిసార్లు వస్తుందో వెనక బెంచీవాళ్ళు గీతలు గీసి లెక్కపెట్టేవాళ్ళు. ఆయనకు మేం పెట్టిన పేరు కూడా అదే, అనుకుందాం మాస్టారు. ఆయనకు తెలుసు, కోపం లేదు. “మంచి పేరే పెట్టారు. అనుకోకుండా ఏ లెక్కా మొదలవదు” అనేవారు. ఆ వెంటనే, “లెక్క చెయ్యడం కష్టం కాదమ్మా, మొదట్లో మనం ఏం అనుకున్నామో చివరిదాకా గుర్తుంచుకోవడం కష్టం” అనేవారు. అప్పుడు మేం దాన్ని నోట్సులో కూడా రాసుకోలేదు.

ఆ రోజుల్లో కంప్యూటర్ అనేది మాకు పత్రికల్లో బొమ్మ. ఆలోచించే యంత్రాలు వస్తాయని ఎవరో ఇంగ్లీషు పత్రికలో రాస్తే, మాస్టారు దాన్ని తెచ్చి క్లాసులో చదివి వినిపించారు. వెనక నుంచి ఎవరో, “యంత్రం ఎట్టా ఆలోచిస్తది సార్, దానికి బుర్ర ఏది?” అని అడిగారు. మాస్టారు గొడుగు కింద పెట్టి, “బుర్ర సంగతి తర్వాత. తప్పు జరిగినప్పుడు తన లెక్కను తానే దిద్దుకుంటే ఆలోచించినట్టే. మనుషుల్లో అంతమాత్రం చేసేవాళ్ళు ఎంతమంది?” అన్నారు. అందరం నవ్వాం. నేను కాస్త గట్టిగానే నవ్వినట్టు గుర్తు.

ఇక మా ఇంటి సంగతి. మాది శావల్యాపురం దగ్గర చిన్న ఊరు. నాన్న లేడు. అమ్మా, అన్నయ్యా, నేనూ. అన్నయ్య మూడెకరాల నల్లరేగడి కౌలుకు తీసుకుని పత్తి వేసేవాడు. నేను రోజూ బస్సులో పేటకు వచ్చి బీఎస్సీ చదివేదాన్ని. అన్నయ్య ఏడో తరగతిలోనే బడి మానేశాడు, నేను చదువుకోవాలని. ఆ మాట వాడెప్పుడూ అనలేదు. అమ్మే అంటూ ఉండేది.

నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా పత్తి మీద తెల్లదోమ పడింది. ఆ ఏడు మా వైపు పత్తి వేసినవాళ్ళు ఎవరూ మర్చిపోరు. మొక్కను మోకాలితో తాకితే చాలు, పిండి ఎగిరినట్టు దోమ లేచేది. ఆకుల మీద జిగురు, జిగురు మీద మసి. మందు కొడితే నాలుగు రోజులు తగ్గేది, మళ్ళీ అంతకు రెట్టింపు వచ్చేది. మళ్ళీ మందు కొట్టేవాళ్ళు. ఏ చేను గట్టు మీద చూసినా పంపు తగిలించుకున్న మనిషే. ఊరంతా ఆ వాసనే, అన్నంలో కూడా అదే. ఈ ఏడు పంట సరిగ్గా రాకపోతే చేను మరొకరికి ఇచ్చుకుంటానని ఆసామి అన్నయ్యతో ముందే చెప్పేశాడు. వాడు ఆ మూడెకరాలను నమ్ముకునే ఉన్నాడు.

ఒకరోజు క్లాసులో మాస్టారు, మందు కొట్టాక దోమ ఎందుకు పెరుగుతుందో ఎవరైనా చూశారా అని అడిగారు. నేను లేచి, మా చేలో అక్షింతల పురుగులు కనపడటం లేదని చెప్పాను. ఎర్రగా, వీపు మీద నల్లచుక్కలతో ఉండే చిన్న పురుగది, దోమ పిల్లల్ని తింటుంది. చిన్నప్పుడు అరచేతిలో పాకించుకునేవాళ్ళం. మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకుని, “మీ ఊరికి బస్సు ఎన్నింటికమ్మా?” అన్నారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చేవారు. మేం ప్రార్థనకు బయల్దేరే వేళకు ఆయన భూతద్దం పట్టుకుని చేలో ఉండేవారు. అమ్మ గుమ్మంలో ఆగి, “ఆదివారం పూట దోమల్ని లెక్కబెట్టే మనిషిని మిమ్మల్నే చూశా సారూ” అంటే, ఆయన, “మీరు నా తరఫున కూడా ప్రార్థన చెయ్యండమ్మా, నేను మీ తరఫున లెక్కపెడతా” అనేవారు. ఆకు వెనక వైపు చూడాలంటే మొక్క కదలకూడదు. నిద్రపోయే బిడ్డ చెయ్యి తిప్పినట్టు తిప్పేవారు ఆకును. అన్నయ్యకు ఆ పద్ధతి బాగా నచ్చింది. వాడూ నేర్చుకున్నాడు. ప్రార్థన ఎగ్గొట్టి ఆయనతో పాటు వరసల్లో వంగి నడిచేవాడు.

ఆయన నోటు పుస్తకంలో రాసుకున్న లెక్క నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఒక వారం దోమ ఎంత, పురుగు ఎంత అన్నదాన్ని బట్టి తర్వాతి వారం రెండూ ఎంతుంటాయో చెప్పే రెండు సమీకరణాలు. మందు కొడితే రెండూ పడిపోతాయి. కానీ దోమ మూడు వారాల్లో లేస్తుంది, పురుగు లేవదు. తినేది లేక దోమ ఇంకా లేస్తుంది. కొట్టడం ఆపితే మొదట దోమ పెరుగుతుంది, ఆ తర్వాత పురుగు పెరుగుతుంది, ఆఖరికి రెండూ ఒక చోట సర్దుకుంటాయి. లాగరిథమ్ పట్టికలు పక్కన పెట్టుకుని ఒక్కో వారం చేత్తో లెక్కగట్టేవారు. అంత చిన్న సమీకరణాల్లోంచి ఆ వంపులు గ్రాఫు కాగితం మీద తేలుతుంటే మా చేను మాట్లాడినట్టుండేది.

ఆ పేజీలో అన్నిటికంటే పైన ఒక వాక్యం ఉండేది. ‘చేను ఒంటరిదనుకుందాం.’ పక్క చేలతో సంబంధం లేదు అని. ఎందుకు మాస్టారూ అంటే, మొదట అట్లా అనుకోకపోతే లెక్క కదలదమ్మా, తర్వాత ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోదాం అన్నారు. నేను సరేనన్నాను.

కార్తీకం చివర్లో ఒక ఆదివారం, ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. మాస్టారు నోటు పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని అన్నయ్యకు లెక్క చెప్పబోయారు.

“ఇదిగో చూడవయ్యా. ఈ వారం నుంచి మనం మందు కొట్టడం ఆపేశామని అనుకుందాం.”

అన్నయ్య చేతిలో గడ్డి దుబ్బు కింద పడేశాడు. “ఆపేశామని అనుకుందామా సారూ?”

“అవును. అనుకుందాం.”

“మళ్ళా మధ్యలో మార్చబాకండి మరి.”

“మధ్యలో ఎలా మారుస్తామయ్యా! మొదట్లో అనుకున్నది చివరిదాకా ఉండాల్సిందే. లేకపోతే లెక్కే తప్పిపోతుంది.”

“అయితే సరే సారూ. అనుకుందాం.” అని అన్నయ్య చెయ్యి చాచాడు. మాస్టారు పెన్ను అడుగుతున్నాడేమోనని పెన్ను ఇచ్చారు. అన్నయ్య దాన్ని కాసేపు పట్టుకుని, తుడిచి, మళ్ళీ ఇచ్చేశాడు.

చదివేవాళ్ళకు తెలియకపోవచ్చు. మా ఊళ్ళో అనుకోవడమంటే ఒప్పుకోవడం. పెళ్ళి సంబంధమైనా, ఎద్దుల మార్పిడైనా, నీళ్ళ వంతైనా, ఇద్దరు కూర్చుని ‘అనుకుంటే’ అయిపోయినట్టే. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. అనుకుని తప్పినవాడి ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగరు. మాస్టారు అన్నది బల్ల మీద రాసే అనుకుందాం. అన్నయ్య విన్నది గట్టు మీద చెయ్యి కలిపే అనుకుందాం. రెండు మాటలూ తెలిసిన మనిషి ఆ గట్టు మీద ఒక్కతే ఉంది. అది నేను.

నాకు అప్పుడే అర్థమైంది. తర్వాత ఎప్పుడో కాదు, అన్నయ్య చెయ్యి చాచినప్పుడే. అన్నయ్యా, సార్ చెప్పేది ఊరికే లెక్క కోసం అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఎందుకంటే నాకు ఆ వంపు నిజంగా లేస్తుందో లేదో చూడాలనిపించింది. మా చేలోనే చూడాలనిపించింది. దాన్ని ఇంకెంత చక్కగా చెప్పుకున్నా అంతే.

అన్నయ్య ఆ సాయంత్రమే పంపు కడిగి వసారా దూలానికి వేలాడదీశాడు. ఇరుగుపొరుగు చేలవాళ్ళు ఎగతాళి చేశారు. “ఏందిరా, నీ చెల్లెలు దోమలకి పాఠాలు చెబుతుందంటగా!” అని. వాడు నవ్వి ఊరుకున్నాడు. అదే సమయానికి మాస్టారి తల్లికి జబ్బు చేసి ఆయన బందరు వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ నోటు పుస్తకం నాకిచ్చి, వారం వారం లెక్క రాస్తూ ఉండమన్నారు. చేలో మందు ఆపేశారని ఆయనకు తెలియదు. ఇంతకుముందులాగే కొడుతూ ఉంటారనే అనుకున్నారు. నేను చెప్పలేదు.

మొదటి మూడు వారాలూ అంకెలు గీత వెంటే నడిచాయి. అక్షింతల పురుగులు మళ్ళీ కనపడ్డాయి. అన్నయ్య ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాడు. నేను గ్రాఫు మీద చుక్క పెట్టి, ఆ చుక్క వంక అదేపనిగా చూసుకున్నాను.

నాలుగో వారం చుట్టుపక్కల చేలన్నిటికీ ఒకేసారి కొత్త మందు కొట్టారు. కంపెనీ జీపు మైకు పెట్టుకుని ఊరూరా తిరిగింది. ఆ చేలల్లో తట్టుకోలేని దోమంతా గట్టు దాటి, మందు లేని చేను ఒక్కటే కనపడితే, మా చేలో వాలింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే ఆకు రంగు కనపడలేదు. నేను లెక్కపెట్టడానికి ఆకు తిప్పాను. లెక్కకు అందలేదు. గీత ఒక చోట ఉంది, చుక్క కాగితం దాటి పోయింది.

“ఏమే, ఇట్టా అవుద్దని నీ లెక్కలో ఉందా?” అన్నాడు అన్నయ్య.

“ఒక్క వారం చూద్దాం అన్నయ్యా” అన్నాను.

ఆ వారం తర్వాత అదే మాట ఇంకోసారి అన్నాను. అమ్మ ఏడ్చి, దూలం మీది పంపు తానే దించింది. అన్నయ్య దాన్ని తీసుకుని మళ్ళీ పైన తగిలించాడు. “సార్‌తో అనుకున్నానమ్మా. ఆయన వచ్చి కొట్టమంటే కొడతా. అప్పటిదాకా కొట్టను” అన్నాడు. బందరుకు ఒక కార్డు ముక్క రాస్తే రెండు రోజుల్లో చేరేది. నేను రాయలేదు. ఏమని రాయాలో తెలియక కాదు. ఏం రాస్తే ఏం బయటపడుతుందో తెలిసి.

సంక్రాంతి సెలవులు అయ్యాక మాస్టారు వచ్చారు. బస్సు దిగి నేరుగా చేనుకే వచ్చారు. మొక్కలు మసి పూసినట్టు నిలబడి ఉన్నాయి. పగిలిన కాయల్లో పత్తి కూడా నల్లగా, జిగురుగా, ఏ వ్యాపారీ చెయ్యి పెట్టి చూడనట్టు. ఆయన గొడుగు చేతిలోంచి జారిపోయింది.

“మందు ఎప్పుడు ఆపావయ్యా?”

“అదేంది సారూ అట్టా అడుగుతారు? ఇదే గట్టు మీద మనిద్దరం అనుకోలా?”

మాస్టారికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. లెక్కలవాడు కదా. అట్లా అనలేదయ్యా, ఊరికే లెక్క కోసం అన్నానయ్యా అని చెప్పెయ్యొచ్చు. చెబితే అన్నయ్య తెలివితక్కువవాడవుతాడు, ఆయన నిర్దోషి అవుతారు. ఆయన వంగి గొడుగు తీసుకుని, మట్టి దులిపి, “అవునయ్యా. అనుకున్నాం” అన్నారు. “నేను అనుకున్నది తప్పయ్యా. చేను ఒంటరిది కాదు. దోమకు గట్టు తెలియదు. ఆ సంగతి నేను లెక్కలో వదిలేశాను.”

“మీరేం చేస్తారులే సారూ” అన్నాడు అన్నయ్య.

నోటు పుస్తకం ఆయనకు తిరిగిచ్చేసి, బస్సు దాకా ఆయనతో నేనే వెళ్ళాను. రోడ్డు ఎక్కాక, “నేనన్నది లెక్కలో మాటేనని మీ అన్నకు ఎప్పుడూ చెప్పకమ్మా. పంట పోయింది. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాననే తృప్తయినా ఉండనీ” అన్నారు. ఇంకాస్త దూరం నడిచి ఆగారు. “పన్నెండేళ్ళున్నా మీ మాట నేర్చుకోలేదు నేను. నీకైనా ఆ రోజు తట్టలేదా అమ్మా?”

“లేదు మాస్టారూ” అన్నాను.

“ఎలా తడుతుందిలే. చిన్నపిల్లవి” అన్నారు.

నేను రాయాల్సిన మాట ఇదే. ఆయన అడిగారు, నేను అబద్ధం చెప్పాను. ఆయన నమ్మారు. ఆ తప్పంతా తన ఒక్కడిదే అనుకుని నాలుగేళ్ళు బతికారు.

ఆసామి అన్న మాట ప్రకారమే చేను మరొకరికి ఇచ్చేశాడు. అన్నయ్య మాచర్ల వైపు నాపరాళ్ళ గనుల్లో పనికి పోయాడు. ఇప్పటికీ అక్కడే. రాయి కోసే దుమ్ముతో దగ్గు పట్టుకుంది. ఆకు తిప్పిన చేతులు పగిలి, అన్నం కలుపుకుంటే మంట పుడుతోందని చెంచాతో తింటున్నాడు.

మాస్టారు ఆ తర్వాత క్లాసులో ‘అనుకుందాం’ అనడం మానేశారు. ఈ సంఖ్య x అని రాసుకోండి అనేవారు, అంతే. వెనక బెంచీవాళ్ళు గీతలు గీయడానికి ఏమీ మిగల్లేదు. కారణం వాళ్ళకు తెలియదు.

ఆ వేసవికి ముందు ఒకరోజు ఆయన సంచీ నిండా చింతగింజలు తెచ్చారు. నలభై మందిమి నలభై చేలమట. తలా కొన్ని గింజలు ఒళ్ళో పోసి, అవి దోమలన్నారు. గంట కొట్టినప్పుడల్లా మందు కొట్టాలో వద్దో ఎవరికి వాళ్ళు చెప్పాలి. కొట్టినవాళ్ళు తమ గింజలు కొన్ని సంచీలో వేసి, మిగిలినవాటిలో సగం పక్కవాళ్ళకు తోసెయ్యాలి. కొత్తగా పుట్టే దోమకూ, పురుగు తినే దోమకూ లెక్కగట్టి ఆయనే మా ఒళ్ళో గింజలు వేసేవారు, తీసేవారు. పట్నంలో పెద్ద కంప్యూటర్ చేసే పని మనమే చేద్దాం అన్నారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి, “నువ్వు ఆపావని…” అని ఆగి, “ఆపినట్టు రాసుకో” అన్నారు. అందరూ నవ్వుతూ మొదలుపెట్టారు. గంట నాలుగుసార్లు కొట్టేసరికి నా ఒళ్ళు నిండి, పరికిణీ మీంచి గింజలు బెంచీ కింద దొర్లాయి. తర్వాత ఎవరిని ఆపమన్నా ఆపలేదు. “పక్కోళ్ళు ఆపితే ఆపుతాం సార్” అన్నారు. ఆఖర్న అందరినీ ఒకేసారి ఆపమన్నారు మాస్టారు. మొదట గింజలు పెరిగాయి, తర్వాత మెల్లగా సర్దుకున్నాయి. “చూశారా, లెక్క తప్పు కాదు. ఒక్కడి మీద పెట్టడం తప్పు” అని ఆయన అంటే, నేను బెంచీ కింద దూరి గింజలు ఏరుతున్నట్టు నటించాను.

ఆ లెక్కతో ఆయన ఊళ్ళు తిరిగారు. శావల్యాపురం నుంచి ముప్పాళ్ళ దాకా, సెలవు దొరికితే చాలు, చింతగింజల సంచీ, గొడుగు. రచ్చబండల దగ్గర కూర్చుని, ఊరంతా ఒక్క రోజున ఆపండయ్యా అని బతిమాలేవారు. విన్నవాళ్ళు తలూపేవాళ్ళు. తప్పని ఎవరూ అనలేదు. “పక్క ఊరోళ్ళు ఆపితే మేమూ ఆపుతాం సారూ” అనేవాళ్ళు. ఏ ఊళ్ళో అడిగినా ఇదే. ఒకచోట మా అన్నయ్య సంగతే ఆయనకు తిప్పి చెప్పారు, మందు ఆపిన వాడొకడు ఏమయ్యాడో తెలుసా అని. ఆయన గింజలు సంచీలో పోసుకుని లేచి వచ్చేశారట. యూనివర్సిటీకి ఏదో వ్యాసం పంపితే, ప్రయత్నం అభినందనీయం అని రెండు లైన్ల ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత తిరగడం కూడా మానేశారు. ఏ ఊరూ ఆపలేదు. ఈ ఏడు కూడా కొడుతూనే ఉన్నారు.

మొన్న ఎండాకాలంలో, చెప్పేద్దామని గట్టిగా నిశ్చయించుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. బాగా చిక్కిపోయారు. అమ్మగారు మజ్జిగ ఇచ్చింది. ఆయన అడిగిన మొదటి మాట, “మీ అన్న ఎలా ఉన్నాడమ్మా?”

“బాగున్నాడు మాస్టారూ” అన్నాను.

“దగ్గుతున్నాడా?”

ఎవరు చెప్పారో. నేను గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. చెబితే ఆయన బరువు సగమైనా దిగేది. నా మీద కోప్పడేవారు కూడా కాదేమో. నేను మజ్జిగ తాగి, వస్తాను మాస్టారూ అని లేచాను. ఆయన అరుగు దాకా వచ్చి, ఎండగా ఉంది, గొడుగు తీసుకెళ్ళమన్నారు. వద్దన్నాను.

కబురు తెలిసి అన్నయ్య మాచర్ల నుంచి వచ్చాడు. శ్మశానానికి వెళ్ళి, తడిబట్టలతో తిరిగొచ్చి, బస్టాండులో నా పక్కన కూర్చుని చాలాసేపు దగ్గాడు.

“చానా గొప్పోడే సారు” అన్నాడు. “చేను పోయిందని కాదు గానీ, నాతో సమానంగా కూర్చుని అనుకున్న చదువుకున్నోడు ఆయనొక్కడేనే. నేనూ తప్పలా, ఆయనా తప్పలా.”

నేను వాడికీ చెప్పలేదు. మాస్టారు చెప్పొద్దన్నారు కాబట్టి అని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా సగమే నిజం.

బయల్దేరేముందు అమ్మగారు నాకు ఆ నోటు పుస్తకం ఇచ్చింది. మొదటి పేజీలో ‘చేను ఒంటరిదనుకుందాం’ అన్న వాక్యం మీద ఎర్రసిరాతో గీత కొట్టి ఉంది. తర్వాత రెండు చేలు, తర్వాత నాలుగు, తర్వాత పేజీ నిండా గళ్ళు, గడిగడికీ అంకెలు. నాలుగేళ్ళ లెక్క. మధ్యలో ఎక్కడా ‘ఇప్పటికి ఇంతే’ అని లేదు. ఆఖరి పేజీలో పైన ఒక్క వాక్యం ఉంది. ‘అందరూ ఒకే రోజున ఆపారనుకుందాం.’ ఆయన మానేసిన ఆ మాట మళ్ళీ రాసింది అక్కడొక్కచోటే. దాని కింద ఏమీ లేదు.

నిన్న బడికి వెళ్ళాను. బల్ల ఎవరూ తుడవలేదు, మంగళవారం సగంలో వదిలేసిన వాక్యం అట్లాగే ఉంది. ‘ఆ సంఖ్యను x’ అని. సుద్దముక్క తీసుకుని దాని పక్కన ‘అను’ దాకా రాశాను. చెయ్యి అక్కడ ఆగిపోయింది. వెనక పిల్లలు అంతవరకే నోటు పుస్తకాల్లో రాసుకుని, మిగతాది ఎప్పుడు రాస్తానా అని తలలెత్తి చూస్తూ కూర్చున్నారు.